ఒక పాత దాగలి

ఆంధ్రదేశ చరిత్ర వ్రాయువారు శిలాశాసనములను, తామ్రశాసనములను, కైఫియతులను వెదకుదురు. అది న్యాయమే. కాని రాయి తొలిచిన ఉలిని ఎవరు కాచిరి, తాళపత్రముపై వ్రాసిన గంటమును ఎవరు సాగగొట్టిరి అని యడిగినచో ఆ శాసనములు బదులు చెప్పవు. కమ్మరి తన పేరు చెక్కుకొనిన తావులు మిక్కిలి యరుదు. అతని పనిముట్లును సాధారణముగా మనకు మిగులవు. ఏలయన, అరిగిన ఇనుమును మరల కొలిమిలో పెట్టి వేఱొక వస్తువు చేయుటయే ఆ వృత్తి ధర్మము. నిన్నటి కర్రు నేడు కొడవలి యగును. నేటి కొడవలి రేపు మేకగును. ఇట్టి వృత్తియందు నూఱేండ్లు రూపు చెడక నిలువగల సాధనము దాగలి. కొందఱు దీనిని దాకలి యనియు నందురు. నేను విజయవాడలో కొనిన యొక పాత దాగలిని గుఱించియు, దానిపై గల గుఱుతులు కృష్ణా డెల్టా చరిత్రలో ఏ భాగమును మనకు తెలుపుచున్నవో దానిని గుఱించియు నేడు శ్రోతలకు మనవి చేయుదును.

విజయవాడలోని జవహర్ ఆటోనగరు లారీల మరమ్మతునకు పేరొందిన చోటు. ఆ పరిసరములందు పాత ఇనుము కొని యమ్ము దుకాణములు పెక్కు గలవు. అట్టి యొక దుకాణమున, విఱిగిన ఇరుసులును పళ్లరిగిన చక్రములును కలసిన కుప్పలో ఈ దాగలి ప్రక్కవాటుగా పడియుండెను. మఱునాడు లారీకెక్కి, ఇనుము కరగించు కార్ఖానాకు పోవలసిన కుప్ప అది. త్రుప్పును, నూనె మరకలును, దుమ్మును కప్పియుండుటచే అది మొదట రైలుపట్టా తునకవలె కనబడెను. ఒక వైపునకు సాగిన కొమ్మును చూచి దాగలియని గుర్తుపట్టితిని. “ఇది ఎప్పటిదండీ?” అని యడుగగా, దుకాణదారు తడిగుడ్డతో దాని ప్రక్కను తుడిచి, “పాతదని తక్కువ చెయ్యకండి సార్, ఇదుగో, 2014 అని గుద్ది ఉంది” అనెను.

ఆ యంకెలను వంగి చూచితిని. అవి నాలుగంకెల సంఖ్య కావు. రెండు, ఒక చుక్క, సున్న, మఱియొక చుక్క, తరువాత పదునాలుగు: ఇవి మూడు వేఱువేఱు లెక్కలు. త్రాసుపై నెక్కింపగా 106న్నర కిలోలు తూగినది. కిలోకు 45 రూపాయల చొప్పున 4,792 రూపాయల 50 పైసలు తేలగా, నా బేరమునకు ఆయన ఆ రెండున్నర రూపాయలు మాత్రము తగ్గించెను.

ఆ మూడు లెక్కలును ఇంగ్లండు దేశపు పాత తూనికలు. మొదటి యంకె హండ్రెడ్‌వెయిట్లు. ఒక్కొక్కటి 112 పౌండ్లు. రెండవది అందులో నాలుగవ వంతులు. ఒక్కొక్కటి 28 పౌండ్లు. మూడవది విడి పౌండ్లు. కావున రెండు నూటపండ్రెండులు 224. నాలుగవ వంతులు లేవు. విడి పౌండ్లు పదునాలుగు. వెఱసి 238 పౌండ్లు. అనగా మన పెద్దల లెక్కలో సుమారు తొమ్మిదిన్నర మణుగులు, నేటి లెక్కలో 108 కిలోలు. మన దేశమున మెట్రిక్ తూనికలు 1958 నుండి క్రమముగా అమలునకు వచ్చినవి. అరువదేండ్లలోనే పాత లెక్క మఱపునకు వచ్చి, ఒక బరువు సంవత్సరమై కూర్చున్నది.

గుద్దిన బరువునకును త్రాసు చూపిన బరువునకును భేదము కిలోన్నర. త్రాసుల తేడా కొంత యుండవచ్చును. మిగిలినది అంచులు రాలుటచేతను, సమ్మెట దెబ్బల క్రింద అరుగుటచేతను పోయిన ఇనుము. ఎందఱో మనుష్యులు ఎన్నో యేండ్లు బలముకొలది మోదినను దీనికి కలిగిన నష్టము ఇంతే.

ప్రక్కను సుద్దతో రుద్ది, రాత్రివేళ దీపమును ఓరగా పట్టి చూడగా కొన్ని అక్షరములు తేలినవి. పీటర్ రైట్ అను పేరును, దాని క్రింద వలయాకారముగా “సాలిడ్ రాట్” అను మాటలును చదువనైనవి. పీటర్ రైట్ కార్ఖానా ఇంగ్లండు నడిమి ప్రాంతమున, బర్మింగ్‌హాం నగరమునకు చేరువనున్న డడ్లీ పట్టణమున నుండెడిది. అచ్చటి దాగలుల దేహము సమ్మెటకు సాగెడి మెత్తని ఇనుము. పైముఖమున మాత్రము గట్టి ఉక్కుపలకను కొలిమి వేడిలో అతికి, పదను పెట్టెడివారు. నడుమునను అడుగునను చదరపు గుంటలు గలవు. ఎఱ్ఱగా కాగిన ముద్దను త్రిప్పుటకు ఆ గుంటలలో పొడవైన కడ్డీలను దూర్చెడివారు. కావున ఇది పోతపోసిన వస్తువు కాదు. దాగలియు సమ్మెట దెబ్బలు తినియే దాగలి యైనది.

మన పల్లె కమ్మరి దాగలి ఇట్టిది కాదు. అది పిడికిలి కంటె కొంచెము పెద్దదైన చదరపు ఇనుపదిమ్మ. దానిని కొయ్యమొద్దులో దిగగొట్టి, కమ్మరి నేలపై కూర్చుండి, ఒక చేత పట్టకారును మఱియొక చేత సుత్తిని పట్టి పని చేయును. కర్రు కాచుటకు, కొడవలికి కక్కులు కొట్టుటకు అది చాలును. నిలువబడి పని చేయవలసిన ఈ సీమదాగలి మన ప్రాంతమునకు పెద్ద పనులతోడనే వచ్చినది.

ఆ పెద్ద పనులను శ్రోతలెఱుగుదురు. 1832-33లో నందన నామ సంవత్సరపు కరువు గుంటూరు సీమను పాడుచేసెను. తరువాత ఆర్థర్ కాటన్ ధవళేశ్వరమున గోదావరిపై 1847 నుండి 1852 వఱకు ఆనకట్ట కట్టించెను. ఆ 1852లోనే బెజవాడలో కృష్ణపై ఆనకట్ట ఆరంభమై, కెప్టెన్ చార్లెస్ ఆర్ పర్యవేక్షణమున 1855లో పూర్తియయ్యెను. 1889లో నైజాము రైలుమార్గము బెజవాడ చేరెను. 1893లో కృష్ణపై రైలువంతెన తెఱవబడెను. చరిత్ర పుస్తకములలో ఇంజనీర్ల పేర్లు ఉన్నవి, ఉండవలసినదే. కాని కొండ పగులగొట్టు పనిలో ఉలియు గడ్డపారయు ఒక్క పూటలో మొద్దుబాఱును. మొద్దుబాఱిన దానిని కాచి, సాగగొట్టి, నీట ముంచి పదను పెట్టువాడు లేనిచో మఱునాడు రాయి లేదు, రాయి లేనిచో ఆనకట్ట లేదు. తూము తలుపుల బందులు, పడవల చీలలు, రైలుపెట్టెల కొక్కెములు, బియ్యపు మరల ఇరుసులు అన్నియు దాగలి మీదనే రూపొందెడివి. ఆ పాత ఆనకట్ట 1952లో తెగెను. దాని స్థానమున కట్టిన ప్రకాశం బ్యారేజి 1957లో పూర్తియయ్యెను.

అయితే ఈ కథకు మఱియొక ప్రక్క కలదు. డెల్టా ఒండ్రుమట్టిలో ఇనుపరాయి లేదు. పంటకు లోటులేని ఈ భూమికి ఇనుము ఎల్లప్పుడును బయటనుండియే రావలెను. 17వ శతాబ్దిలో గోదావరి ముఖమున నరసాపురమువద్ద ఓడలు కట్టెడివారు; ఓడకు చీలలు కావలెను, చీలలకు కమ్మరులు కావలెను. మెట్టసీమలలో ఇనుపరాయిని బొగ్గులతో కరగించువారు ఉండిరి. నేటి నిజామాబాదు ప్రాంతమునందలి కోనసముద్రములో మూసలలో చేసిన ఉక్కు పేరుగాంచినది. 19వ శతాబ్ది తొలిభాగమున హెన్రీ వాయిసీ అను భూగర్భశాస్త్రజ్ఞుడు దానిని చూచి, పారసీక దేశపు వర్తకులు ఆ ఉక్కు కొఱకు అచ్చటికి వచ్చుటను వర్ణించెను. తరువాత ఓడలలోను రైళ్లలోను సీమయినుము చవుకగా దిగినది. అడవి కఱ్ఱ ప్రియమైనది. మన కరగుడు కొలుములు ఒక్కొక్కటిగా చల్లారినవి. కమ్మరి మాత్రము నిలిచెను. దిగుమతియైన కడ్డీని కొని కర్రు చేసెను. డడ్లీ దాగలి వచ్చిన త్రోవయు, మన ఉక్కు కొలిమిని ఆర్పిన ఇనుము వచ్చిన త్రోవయు ఒక్కటే. ఈ వస్తువును చూచినపుడు ఆ రెంటిని కలిపి తలపవలెనని నా మనవి.

ఇక దానిని బాగుచేసిన విధము చెప్పెదను. మొదట దాని ఉక్కు బ్రతికియున్నదా లేదా తెలియవలెను. సుత్తితో తట్టగా నడుమ భాగము గంటవలె ఖంగుమనెను. లారీ బేరింగు గుండును పది అంగుళముల యెత్తునుండి విడువగా అది ఏడెనిమిది అంగుళములు తిరిగి లేచెను. గట్టి ఉక్కు దెబ్బను మ్రింగదు, తిరిగి యిచ్చును. ఆ తిరిగివచ్చు దెబ్బయే కమ్మరికి సగము బలము. కొమ్ము చెంతనున్న యంచున గుండు నాలుగు అంగుళములే లేచెను. అచ్చట పలక అతుకు కొంత సడలినదని గ్రహించితిని.

చూచినవారు మూడు సలహాలు చెప్పిరి. కొలిమిలో పెట్టి కాల్చినచో త్రుప్పు క్షణములో రాలునని యొకరు. యంత్రముపై ముఖమును చెక్కించినచో అద్దమువలె చదునగునని యొకరు. రాలిన యంచులను వెల్డింగుతో నింపుమని వేఱొకరు. మూడును విడిచితిని. ఎఱ్ఱగా కాలినచో ఉక్కు పదను పోవును. మరల అంత ముద్దకు పదను పెట్టుట ఇంటి తొట్టిలో అగు పని కాదు. ఈ ఉక్కుపలక మందము సుమారు అరంగుళము. నడుమ అంగుళములో ఎనిమిదవ వంతు గుంట పడియున్నది. దానిని చదును చేయవలెనన్న, చెడని కొనలనుండి అంత ఉక్కును చెక్కి పాఱవేయవలెను. దేహమంతటిని ముందుగా తగినంత వేడిచేయక వెల్డింగు చేసినచో ప్రక్కనున్న ఉక్కు పెళుసై పగులును. కావున పదునైదు దినములు కిరసనాయిలుతో తడిపి, ఇనుపతీగల కుంచెతో తోమి, వాడి యంచులను ఆకురాయితో కొంచెము గుండ్రన చేసి, అవిసెనూనె రుద్దితిని. ఇంతకంటె చేసినది లేదు.

తరువాత, కరకట్ట దాపుననున్న యొక గ్రామమునుండి వృద్ధుడైన కమ్మరి నొకనిని పిలిపించితిని. ఆయన ముఖముపై అరచేయి పెట్టి నిమిరి, “ఈ గుంట పోగొట్టలేదు, మంచిపని చేశారు బాబుగారూ” అనెను. “ఎందుకు, ఆచారిగారూ?” అని యడిగితిని. “వంకర పోయిన కడ్డీని చదునుమీద పెట్టి కొడితే మళ్లీ లేస్తుంది. గుంటమీద కొడితే కాస్త లోపలికి దిగి, తిరిగి వచ్చి తిన్నగా నిలుస్తుంది” అని వివరించెను. కొమ్మునకును ముఖమునకును నడుమ నొక మెట్టు గలదు. దానిపై ఉక్కు లేదు. వేడి ఇనుమును అచ్చట నఱికినచో ఉలి యంచు చెడదు. ఆ మెట్టుపై నాట్లు లెక్కకు మిక్కిలిగా నున్నవి. ముఖముపై ఏడు మాత్రమే కలవు. ఆయన వానిని చూచి నవ్వి, “ఇవి పని నేర్చుకొనే కుఱ్ఱవాడి దెబ్బలు. ఆ రోజు వాడికి చీవాట్లు పడే ఉంటాయి” అనెను. ఏ దస్తావేజునందును లేని ఆ కుఱ్ఱవాని తప్పు ఆ ఉక్కుమీద నిలిచియున్నది. యంత్రముపై చెక్కించినచో ముందుగా మాయమగునది ఆ గుఱుతులే.

నల్లతుమ్మ మొద్దును రెండడుగులు నేలలో పాతి, నిలువబడినవాని పిడికిలి వ్రేళ్ల గణుపుల యెత్తునకు దాగలి ముఖము వచ్చునట్లు అమర్చితిమి. ఎక్కువ యెత్తైనచో భుజము నొచ్చును. తక్కువైనచో నడుము విఱుగును. అమర్చినది మా ఇంట కాదు, ఆ వృద్ధుని పాకలో. పరిశోధనకై ఇంట నుంచుకొనవలెనని నాకు కోరిక లేకపోలేదు. కాని ఆయన పాత దిమ్మ పగిలియుండెను. బండిచక్రములకు రబ్బరు టైర్లు వచ్చినవి, కోతకు యంత్రములు వచ్చినవి, క్రొత్త దాగలి కొను స్తోమత ఆ వృత్తికి లేదు. చెఱకు నఱకు కత్తులును, గడ్డపారలును, కొబ్బరిబోండము కొట్టు కత్తులును నేటికిని ఆయనయొద్దకు వచ్చుచున్నవి. పనిలేని దాగలికి త్రుప్పు పట్టును. పనిచేయు దాగలి ముఖము తనంతట తానే మెఱయును. నేను చూడవలసిన అక్షరములు అచ్చటకు పోయి చూచినను కనబడును.

శ్రోతలకు ఒక్క మనవి. మీ ఊరిలో మూతపడిన కమ్మరసాలయో, పాత బియ్యపు మరయో ఉండవచ్చును. అందలి ఇనుము అమ్మవద్దని నేను చెప్పజాలను. ఎవరి యక్కఱ వారిది. అమ్ముటకు ముందు దానిని ఒక్కసారి తుడిచి చూడుడు. అంకెలున్నచో ఒక కాగితము పఱచి, బొగ్గుతో రుద్ది అచ్చు తీసి యుంచుడు. అది ఏ మరనుండి వచ్చినది, ఎవరు దానిపై పనిచేసిరి, వారిని ఊరిలో ఏమని పిలిచెడివారు అను మూడు మాటలు ఆ కాగితముపై వ్రాయుడు. ఆనకట్ట కట్టించినవారి పేర్లు రాతిపై నున్నవి. ఉలి కాచినవారి పేర్లు ఇంకను కొందఱు ముసలివారి నోట నున్నవి. అవి ఉన్నప్పుడే అడుగవలెను.