కాస్త ఇటు చూడండి!

పెళ్ళిలో పంతులుగారి మంత్రాల తర్వాత ఎక్కువసార్లు వినిపించే మాట ఏమిటో చెప్పండి? "అమ్మా, కాస్త ఇటు చూడండి!" జీలకర్ర బెల్లం పెట్టిన చెయ్యి అలాగే ఉంచి, తాళి కడుతున్న చెయ్యి మధ్యలో ఆపి, అందరం అటు తిరుగుతాం. ఈమధ్య మాత్రం ఎవర్నీ ఆపకుండా, ఓ పక్కన తిరుగుతూ జరిగింది జరిగినట్టు తీసుకునే ఫోటోగ్రాఫర్లు వస్తున్నారు. పెద్దవాళ్ళకి అది నచ్చదు. "డబ్బులు తీసుకుని పని చెయ్యకుండా తిరుగుతున్నాడేంటే?" అంటారు.

అసలు కెమెరా ముందు బిగుసుకుపోయే అలవాటు మనకి ఎక్కణ్ణించి వచ్చిందంటారు? సిగ్గు వల్లో సంప్రదాయం వల్లో అనుకుంటాం గానీ, అది యంత్రం నేర్పిన అలవాటు. 1839లో పారిస్‌లో డాగ్యురే పద్ధతి లోకానికి తెలిసినప్పుడు, ఒక్క బొమ్మ పడాలంటే నిమిషాలు పట్టేది. తర్వాత సెకన్లకు దిగినా, కదిలితే బొమ్మ చెదిరిపోయేది. అందుకని స్టూడియోల్లో తల కదలకుండా వెనక నుంచి ఇనప ఊత పెట్టేవారు. అంతసేపు నవ్వు పట్టి ఉంచడం ఎవరి తరం? పాత ఫోటోల్లో వాళ్ళు దిగులుగా ఉన్నారని కాదు, కదలకుండా ఉన్నారంతే.

మన హైదరాబాద్‌కి ఈ కథలో మంచి చోటే ఉందండోయ్. ఆరో నిజాం కొలువులో ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లో ఇక్కడ ఆడవాళ్ళ కోసమే ఒక జనానా స్టూడియో తెరిచారు. పరదా పాటించే స్త్రీలు పరాయి మగవాళ్ళ కంట పడకుండా ఫోటో తీయించుకోవచ్చు. దాన్ని చూసుకున్నది ఒక ఇంగ్లీషావిడ. అంటే ఫోటోలో ఎవరు పడతారన్నది యంత్రం ఒక్కటే కాదు, తీసేవాళ్ళెవరు, ఎక్కడ నిలబడ్డారు అన్నదీ తేలుస్తుంది.

1925లో జర్మనీలో లైకా కెమెరా అమ్మకానికొచ్చింది. చేతిలో ఇమిడిపోతుంది, ఒక్క రీలుకి 36 బొమ్మలు. ఫోటోగ్రాఫర్‌కి కాళ్ళొచ్చాయి! పత్రికలవాళ్ళు దాన్ని పట్టుకుని వీధుల్లోకి, యుద్ధాల్లోకి వెళ్ళారు. ఆ పద్ధతి పెళ్ళిళ్ళలోకీ వచ్చింది. 1953లో అమెరికాలో జాన్ కెనెడీ, జాక్వెలిన్‌ల పెళ్ళికి టోనీ ఫ్రిసెల్ అనే ఆవిడ ఫోటోలు తీసింది. రెండో ప్రపంచ యుద్ధాన్నీ ఫోటోలు తీసిన మనిషి ఆవిడ. ఆ పెళ్ళి ఫోటోలు ఇప్పటికీ అక్కడి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి. 1996లో వాళ్ళబ్బాయి పెళ్ళికి డెనిస్ రెజ్జీ తీసిన ఫోటో ఇంకా పేరు పొందింది. చిన్న చర్చిలోంచి బయటికొస్తూ అతను పెళ్ళికూతురి చెయ్యి ముద్దు పెట్టుకుంటాడు. వాళ్ళిద్దరూ కెమెరా వైపే చూడరు.

మన ఇళ్ళలో మాత్రం 36 బొమ్మల రీలంటే పొదుపు లెక్క. ఒక్కటీ వృథా కాకూడదు. అందుకని పీటల మీదున్నవాళ్ళు, పక్కన నిలబడ్డవాళ్ళు, బంతి భోజనాలు ఒక రెండు, అంతే.

మా అమ్మ పెళ్ళి ఆల్బమ్‌లో మా అమ్మమ్మ ఎక్కడా లేదు. తాతగారు అప్పటికే పోయారు. పెద్దమామయ్యా అత్తయ్యా కన్యాదానం చేశారు. అమ్మమ్మ పందిట్లోకి రాలేదు, రమ్మని పిలిచినవాళ్ళూ లేరు. పెరట్లో గాడిపొయ్యి దగ్గర వంటవాళ్ళకి పురమాయిస్తూ ఉండిపోయిందట. తలంబ్రాల ఫోటోలో వెనకాల సగం తెరిచిన తలుపొకటి కనిపిస్తుంది. అమ్మ దాని మీద వేలు పెట్టి, "మా అమ్మ దీని వెనకాలే ఉంది" అంటుంది.

మొన్న మా ఇంట్లో పెళ్ళికి వచ్చిన అబ్బాయి ఎవర్నీ ఇటు చూడమనలేదు. అతను తీసిన వాటిలో, రెండేళ్ళ క్రితం బాబాయి పోయిన మా పిన్ని ఫోటో ఒకటుంది. స్తంభం పక్కన, గుప్పిట్లో అక్షింతలతో, వెయ్యనా మాననా అన్నట్టు నిలబడింది. పక్క ఫోటోలో పెళ్ళికూతురు లేచి, పిన్ని చెయ్యి తన తల మీదికి లాక్కుంటోంది. ఆ హడావుడిలో మాలో ఎవ్వరం దాన్ని చూడలేదు. అప్పుడతను "ఇటు చూడండి" అని ఉంటే పెళ్ళికూతురు కెమెరానే చూసేది.

అలాగని ఈ పద్ధతికి హారతి పట్టెయ్యక్కర్లేదు. "సహజంగా నవ్వండి, ఇంకోసారి" అంటూ మూడుసార్లు నవ్వించే క్యాండిడ్ కూడా చూస్తున్నాం. అది పాత ఇనప ఊతకి కొత్త చీర కట్టడమే. గ్రూప్ ఫోటో కూడా మానకండి. ఎవరు ఎవరికి ఏమవుతారో రేపటి పిల్లలకి చెప్పేది అదే. దానికి ఓ అరగంట విడిగా పెట్టుకోండి.

ఇంకొక్క మాట. ఎంత నేర్పున్నవాడైనా తనకి తెలియని వంటింట్లోకి తనంతట తాను రాడు. మీ ఇంట పెళ్ళైతే ముందురోజే ఫోటోగ్రాఫర్‌ని కూర్చోబెట్టి పెరడు, వంటశాల, విడిది గది చూపించండి. పందిట్లోకి రావడానికి జంకే అత్తలు, పిన్నులు ఎవరో పేర్లు చెప్పండి. మనల్ని ఇటు చూడమనని మనిషికి, ఎటు చూడాలో మనమే చెప్పాలి కదా.