ఖజానా వదిలేసిన కుండ

జనవరి 16 తాగేవాళ్ళకు అచ్చిరాని తారీఖు. 1919లో ఆ రోజునే అమెరికా రాజ్యాంగానికి పద్దెనిమిదో సవరణ ఖాయమైంది. ఏడాది గడువిచ్చి, 1920 జనవరి 17 నుంచి దేశమంతటా మద్యం తయారీ, అమ్మకం, రవాణా ఆపేశారు. 1995లో మళ్ళీ అదే తారీఖున, సంక్రాంతి కోడిపందేల వేడి చల్లారకముందే, మన నిమ్మకూరు బిడ్డ, ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు గారు ఆంధ్రప్రదేశ్‌లో సంపూర్ణ మద్యనిషేధం అమల్లో పెట్టారు. తారీఖు కలవడం కాకతాళీయం. రెండూ ఒకే గోతిలో పడటం మాత్రం కాకతాళీయం కాదు. అమెరికాకు ఆ గోతి దాకా నడవడానికి పదమూడేళ్ళు పట్టింది, మనకు రెండేళ్ళు చాలాయి. గోతి పేరు ఖజానా.

నేనుండేది మిన్నెసోటాలో. ఆ నిషేధ చట్టానికి పేరిచ్చిన ఆండ్రూ వోల్‌స్టెడ్ ఈ రాష్ట్రం నుంచే కాంగ్రెసుకు ఎన్నికైనవాడు, ఊరు గ్రానైట్ ఫాల్స్. అదే రాష్ట్రంలో ఇప్పుడు మా పక్కింటాయన గ్యారేజీ తలుపు బార్లా తెరిచి బీరు కాచుకుంటాడు. ఆకురాలే కాలంలో ఆపిల్ రసం పులియబెట్టి సైడర్ చేస్తాడు. ఒకటి రెండు సీసాలు మాకూ ఇస్తాడు. ఈ మాట చెబితే నాగాయలంక నుంచి మా బావ అడిగిందొక్కటే: "కేసు పెట్టరా బావా?" పెట్టరు. ఎందుకు పెట్టరో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

ఈ దేశంలో మద్యం మీద మొదట లేచింది ఆడవాళ్ళే. వారం కూలి సెలూన్లో, అంటే ఇక్కడి తాగుడు కొట్లో, కుమ్మరించి ఖాళీ జేబుతో ఇల్లు చేరే మగవాళ్ళను చూసి 1874లో క్రైస్తవ మహిళల మద్యనిషేధ సంఘం పెట్టుకున్నారు. కాన్సస్‌లో క్యారీ నేషన్ అనే ఆవిడ గొడ్డలి పట్టుకుని సెలూన్లలో జొరబడి సీసాలు పగలగొట్టేది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా కొట్టు మూయించిన వైనం గుర్తున్నవాళ్ళకు ఈ కథ కొత్తగా అనిపించదు. ఆ సెగకే కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం 1993 అక్టోబరు 1న సారాను నిషేధించింది.

అయితే ఆడవాళ్ళ కోపం ఒక్కటే చట్టం కాలేదు. అప్పట్లో ఈ దేశపు కేంద్ర ఆదాయంలో ఇంచుమించు మూడో వంతు మద్యం సుంకాలదే. 1913లో ఆదాయపు పన్ను వచ్చాకగానీ మద్యాన్ని వదులుకునే ధైర్యం ప్రభుత్వానికి రాలేదు. మళ్ళీ 1929 తరవాత ఆర్థికమాంద్యంలో ఆదాయపు పన్ను ఎండిపోయేసరికి సుంకాల మీద ప్రేమ పుట్టుకొచ్చింది. 1933 ఏప్రిల్ 7న పలచటి బీరుకు తలుపు తీశారు, డిసెంబరు 5న నిషేధాన్నే రద్దు చేశారు. రాజ్యాంగ సవరణను మరో సవరణతో కొట్టేయడం ఈ దేశ చరిత్రలో అదొక్కసారే. మన దగ్గర 1997లో చంద్రబాబు నాయుడు గారు నిషేధం ఎత్తేసినప్పుడు వినిపించిన లెక్కలూ ఇవే.

నిషేధంలో ఒక కిటికీ ఉండేది. పల్లెల్లో రైతులు ఆపిల్ రసం నిలవచేసుకోవడం తాతల నాటి అలవాటు. 'జానీ ఆపిల్‌సీడ్' అని పిల్లల కథల్లోకెక్కిన జాన్ చాప్‌మన్ ఊరూరా నాటిన చెట్లకు కాసినవి ఎక్కువగా తినే కాయలు కావు, సైడర్‌కు పనికొచ్చే పుల్లకాయలు. ఆ రైతుల ఓట్లు పోకుండా, ఇంటి వాడకానికి 'మత్తు లేని' పళ్ళరసం చేసుకోవచ్చని చట్టంలో రాశారు. ఆ రసం రెండు వారాలు పీపాలో ఉంటే ఏమవుతుందో రాసినవాళ్ళకు తెలియదా? ఏడాదికి ఇంటికి 200 గాలన్లు, అంటే సుమారు 757 లీటర్లు, అన్న లెక్క చలామణీ అయింది. కాలిఫోర్నియా ద్రాక్ష రైలు పెట్టెల్లో తూర్పు నగరాలకు పరుగెత్తింది. ఎండిన ద్రాక్షగుజ్జును ఇటుకల్లా అచ్చుపోసి అమ్మేవాళ్ళు. దాన్ని నీళ్ళలో కలిపి ఇన్ని రోజులు అలమారలో ఉంచకండి, వైన్ అయిపోతుంది అని పైన హెచ్చరిక. వంటవిధానాన్ని ఇంత చక్కగా చెప్పిన హెచ్చరిక నేనెక్కడా చూడలేదు. బీరుకు ఆ కిటికీ లేదు. కానీ బీరు కంపెనీలే బతుకుతెరువుకు మాల్ట్ పాకం డబ్బాలు అమ్మాయి, పేరుకు రొట్టెల కోసం. వంటిళ్ళలో ఆ పాకం బీరయ్యేది. పులియడం పూర్తికాకముందే బిరడా బిగించిన సీసాలు అర్ధరాత్రి పేలేవి.

రద్దు తరవాత ఇంట్లో వైన్ చేసుకోవడానికి చట్టం ఒప్పుకుంది, బీరును మరిచింది. గుమాస్తా రెండు మాటలు రాయడం మరిచిపోయాడని ఇక్కడ ఒక కథ చెప్పుకుంటారు. కథ సంగతెలా ఉన్నా, ఇంటి బీరు 45 ఏళ్ళు నేరంగానే ఉండిపోయింది. దివిసీమలో ఉప్పెన వచ్చిన మరుసటి ఏడు, 1978 అక్టోబరు 14న, అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకంతో ఆ లోటు తీరింది. సెనేటర్ అలెన్ క్రాన్‌స్టన్ తెచ్చిన సవరణ అది. పెద్దవాళ్ళు ఒక్కరే ఉన్న ఇంటికి ఏడాదికి 100 గాలన్లు, ఇద్దరో అంతకు మించో ఉంటే 200. అమ్మకూడదు. బట్టీ పెట్టి సారా దించకూడదు.  రాష్ట్రాలకు ఎవరి చట్టాలు వాళ్ళవి కనుక అలబామా, మిసిసిపి 2013 దాకా ఒప్పుకోలేదు.

ఈ చిన్న సవరణ పెద్ద వ్యాపారాన్నే కన్నది. అప్పటికి దేశం మొత్తంలో బీరు కంపెనీలు వందలోపే, రుచులన్నీ ఒకటే. కెన్ గ్రాస్‌మన్ అనే కుర్రాడు కాలిఫోర్నియాలోని చీకోలో ఇంటి బీరు సామాన్ల కొట్టు నడుపుతూ 1980లో సియెర్రా నెవాడా కంపెనీ పెట్టాడు. ఆ దారిన ఎందరో నడిచారు. ఇప్పుడు బీరు తయారీ కేంద్రాలు తొమ్మిది వేలు దాటాయి.

పక్కింటాయన పని చూస్తుంటే నాకు ముచ్చటేసేది శుభ్రత. మాల్ట్ పాకం నీళ్ళలో మరగనిచ్చి, చేదుకోసం హాప్స్ పూలు వేసి, గబగబా చల్లార్చి, ఈస్ట్ కలిపి, గాలి బయటికి పోవడమే గాని లోపలికి రాని మూత బిగిస్తాడు. ఆవకాయ జాడీ దగ్గర మా అమ్మ తడిచెయ్యి ఎలా పడనిచ్చేది కాదో, ఆయన తన గిన్నెల దగ్గర మురికి చెయ్యి అలా పడనివ్వడు. రెండు వారాలాగి, సీసాకు కాస్త పంచదార చేర్చి బిరడా వేస్తే, ఇంకో రెండు వారాల్లో నురగ వస్తుంది. మన తాటికల్లుకు ఇంత తంతు లేదు. కుండకు సున్నం పూయకపోతే చెట్టు మీదే పులుపు మొదలవుతుంది, పొద్దున తీపి, సాయంత్రానికి పుల్లన.

ఇక్కడే నాకు ఒక తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఈ దేశంలో బీరు కాచడం ఒకప్పుడు పనివాళ్ళ చాకిరీ. మాజీ అధ్యక్షుడు జెఫర్సన్ మాంటిచెల్లో ఎస్టేటులో బీరు కాచింది పీటర్ హెమింగ్స్ అనే బానిస. 1813 ప్రాంతంలో ఒక ఇంగ్లీషు నిపుణుడి దగ్గర నేర్చుకున్నాడు. పేరు మాత్రం యజమానిది. ఇప్పుడది సెలవురోజు సరదా. మన డెల్టాలో కల్లు ఎన్నడూ సరదా కాదు, మోకు కట్టుకుని తాడెక్కే గీత కార్మికుడి అన్నం. చెట్టు మీంచి జారి నడుం విరిగినవాళ్ళు లేని ఊరు దివిసీమలో చూపించండి. ఆంధ్ర మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పటి నిషేధం తమ నోటికాడి కూడు లాగేసిందని వాళ్ళు తమ నాయకుడు గౌతు లచ్చన్న వెంట నడిచారు. 1954 నవంబరులో ఆ గొడవ మీదే ముఖ్యమంత్రి ప్రకాశం పంతులు గారి మంత్రివర్గం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఆంధ్ర రాష్ట్రపు తొలి ప్రభుత్వాన్ని దించింది కల్లుకుండ అని అమెరికా పిల్లలకు చెబితే నమ్మరు.

   

ఇంతకీ మా బావ ప్రశ్నకు జవాబు. పక్కింటాయన బీరు వల్ల ఇక్కడి ఖజానాకు పోయేది చిల్లర, అందుకే వదిలేశారు. సారా బట్టీని వదలకపోవడానికి నిప్పు ప్రమాదం ఒక కారణం, దాని మీద సుంకం మరీ ఎక్కువ కావడం అసలు కారణం. మన ప్రభుత్వానికి మద్యం చిల్లర కాదు కనుక ఇంటి కుండ మీద కన్ను వేసి ఉంచుతుంది. ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టం, 1968 ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారుచేస్తే నేరం, తాడిచెట్టు గీయడానికీ అనుమతి కావాలి. అందుకని ఇది చదివి గుడివాడలోనో కోడూరులోనో ద్రాక్షరసం పులియబెట్టకండి. ఎవరైనా ఎమ్మెల్యే ఈ చట్టం మార్చాలనుకుంటే, ఊళ్ళో షోకు బీరుకంటే ముందు గీత కార్మికుడి కుండకు దారి చూపమని అడగండి.