వజ్రాలు తరలిపోయాయి, సమాధి రాళ్ళు మిగిలాయి

అరకు, పాడేరు, సీతంపేట ఏజెన్సీలలో ఉద్యోగం చేసిన మన సభ్యులకు నిలువురాళ్ళు కొత్తవి కావు. తూర్పు కనుమలలో గదబలు, సవరలు గతించిన తమవారి పేరిట రాళ్ళు నిలబెడతారు. సవరలు ఆ క్రతువును 'గువార్' అంటారు. ఆ రాళ్ళమీద అక్షరాలుండవు. ఏ రాయి ఎవరిదో చెప్పవలసింది ఆ ఊరివారే.

చెప్పేవారే లేకుండాపోతే ఏమవుతుందో తెలుసుకోవాలంటే మద్రాసులోని యూదుల శ్మశానవాటికను చూడాలి. అది పొరుగు రాష్ట్రంలో ఉన్నా, దాని కథకు మూలం మన కృష్ణా తీరం.

పల్నాటి కొల్లూరు గనిలో అరవైవేల మంది పనిచేసేవారని 17వ శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే రాశాడు. ఆ వజ్రాల కోసం లండన్, ఆమ్‌స్టర్‌డాం నగరాల నుండి యూదు వర్తకులు మద్రాసు చేరారు. మధ్యధరా సముద్రపు పగడాలు, వెండి తెచ్చి, వజ్రాలు కొనుక్కుపోయేవారు. మన ఆడవారు మంగళసూత్రానికి గుచ్చుకునే పగడాలు అలా ఎన్ని వచ్చాయో! జార్జిటౌన్‌లో పగడాల వర్తకుల వీధి నేటికీ ఉంది.

వీరిలో జాక్ డి పైవా ముఖ్యుడు. 1684 ప్రాంతంలో వచ్చి, గోల్కొండ మొగలుల వశమైన 1687లోనే మరణించాడు. పెద్దనాయకన్‌పేటలో ఖననం చేశారు. మరుసటి సంవత్సరం, 1688లో, మద్రాసు కార్పొరేషన్ ఏర్పడినప్పుడు ఆల్డర్‌మన్లలో ముగ్గురు యూదులు. వారి సరసనే బేరి తిమ్మన్న తమ్ముడు చిన వెంకటాద్రి కూర్చున్నాడు. తెలుగు వర్తకుడూ యూదు వర్తకుడూ ఒకే సభలో నగరపాలన చూశారన్నమాట.

తరువాత బ్రెజిల్‌లో వజ్రాలు దొరికాయి. మన గనులు వట్టిపోయాయి. కొల్లూరు నేడు పులిచింతల జలాశయంలో మునిగి ఉంది. మద్రాసు యూదులూ క్రమంగా తగ్గిపోయారు. నగరం పెరిగి, 20వ శతాబ్దంలో పాత శ్మశానస్థలం ఇతర అవసరాలకు పోయింది. మిగిలిన కొద్ది రాళ్ళను లాయిడ్స్ రోడ్డులోని చిన్న ఆవరణకు చేర్చారు. హీబ్రూ అక్షరాలు చెక్కి ఉండబట్టే అవి ఎవరివో ఈనాటికీ తెలుస్తున్నది.

యూదులు శ్మశానాన్ని 'జీవుల ఇల్లు' అంటారు. సమాధిని దర్శించినవారు పూలకు బదులు దానిమీద ఒక గులకరాయి ఉంచుతారు. మిమ్మల్ని మరువలేదని దాని అర్థం. రాయితోనే జ్ఞాపకం నిలుపుకోవడంలో వారికీ మన మన్యం వారికీ ఎంత దగ్గర పోలిక!

పిల్లల దగ్గరకు చెన్నై వెళ్ళే సభ్యులు వీలుచేసుకుని ఈ స్థలాన్ని చూడవలసిందిగా మనవి. ఏజెన్సీలో పనిచేసినవారు ఏ గూడెంలో ఏ రాళ్ళు చూశారో, అక్కడి పెద్దలు వాటి గురించి ఏమి చెప్పారో కాగితం మీద పెట్టండి. ఆ రాళ్ళకు అక్షరాలు లేవు, చెప్పే పెద్దలు కూడా మన వయసువారే.