తాళము - రహస్యము

రాత్రి తలుపునకు తాళము వేసి చెవిని కొంగున ముడివేసికొన్నంతనే గృహస్థుల మనస్సు నెమ్మది నొందును. ఆ తాళపుకప్పలో నేమున్నదో విప్పి చూచినవారు మాత్రము మిక్కిలి యరుదు. ఎఱుంగని దానిని నమ్ముట క్షేమమా? ఈ ప్రశ్నకు తాళముల చరిత్రమే యుత్తర మిచ్చుచున్నది.

ప్రాచీనకాలముననే ఈజిప్టువారు కొయ్యచీలల తాళముల నెఱుంగుదురు. చీలలు గడియలోనికి జాఱి దానిని పట్టుకొనును. పండ్లుగల చెవి వానిని పైకెత్తినగాని గడియ కదలదు. ఈ సూత్రమునే అమెరికా దేశీయుడగు రెండవ లైనస్ యేలు లోహమున చిన్నదిగా నమర్చి 1861, 1865 సంవత్సరములలో పేటెంటులు పొందెను. ఇందు ప్రతి చీలయు క్రిందిది, మీదిది యని రెండు తునుకలు. తగిన చెవి పెట్టినప్పుడు వాని యతుకులన్నియు నొక్క వరుసకు వచ్చును. అప్పుడే లోపలి యిరుసు తిరుగును.

దీనికి ముందే లండనులో జోసెఫ్ బ్రామా 1784లో వేఱొకవిధమగు తాళమును కల్పించెను. దానిని తెఱచినవారికి 200 గినీల బహుమానమని ప్రకటించి యంగడి కిటికీలో నుంచిరి. 1817లో రస్సెల్ అను పనివాడు దానికి దొంగగాట్లు చేర్చి, తెఱువజూచువానిని భ్రమపెట్టు నుపాయము పన్నెను. అయినను 1851లో హాబ్స్ అను అమెరికావాడు పదునాఱు దినములలో 51 గంటలు శ్రమించి దానిని తెఱచెను. ఇట్టి మర్మములు బయలుపెట్టరాదని కొందఱు గోలపెట్టిరి. దొంగలకు తెలిసినదానిని గృహస్థులకు దాచుటవలన లాభములేదని హాబ్స్ వాదించెను. ఆ వాదమే నిలిచినది. లోపము బయల్పడినందుననే తరువాతి తాళములు బాగుపడినవి.

నేటి కాపుచీలలును ఆ దొంగగాట్ల సంతతియే. మీది చీల నడుమును సన్నగా నరుగదీసిన చాలును. తీగతో తడవి చూచువానికి ఆ నడుము అంచున చిక్కుకొని, పని యైనట్లే తోచును. తాళము మాత్రము రాదు. సరియైన చెవికి ఎట్టి యాటంకమును లేదు. ఇట్టి చీలలను ఇంటనే చేసికొనుట కొందఱకు వినోదము. ఇత్తడికడ్డీ, చిన్న యాకురాయి, కడ్డీని త్రిప్పుట కొక చేతియంత్రము - ఇవియే సాధనములు.

మేమును రఘునాథపల్లిలో నొక పాత తాళమును విప్పి ప్రయత్నించితిమి. మొదటి చీల నడుమును మితిమీఱి యరుగదీయుటచే నది వంగి, సొంత చెవికిని తాళము రాకపోయెను! రెండవది కుదిరినది. జనగామ చెంతనున్న పెంబర్తిలో ఇత్తడిరేకును దేవతామూర్తులుగా మలచు పనివారి నేర్పును ఇదివఱకు దూరమునుండి మెచ్చుకొంటిమి. గోరంత చీలతో దినమంతయు పెనుగులాడిన పిదపగాని దాని విలువ మాకు తెలియలేదు. చదువుకొన్న చేతులకు ఆకురాయి తగదను గర్వమును ఆనాడే విడిచితిమి.

ఈ వినోదమునకు నియమ మొక్కటియే: తాళము తనదై యుండవలెను, నిత్యము తలుపునకు వేయునది కాకుండవలెను. ఈ హద్దులో బాలురేకాదు, బాలికలును తాళమును విప్పి చూడవచ్చును. మర్మమును దాచిన తాళముకంటె, మర్మము తెలిసినను లొంగని తాళమే యింటికి కాపు.