టిక్కు, చిటపట, డప్పు

పాత గ్రామఫోన్ ప్లేటును కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే పాటకంటే ముందు చిటపట వినిపిస్తుంది, వేడి నూనెలో ఆవాలు వేసినట్టు. దాన్ని తీసేయడానికి ఉచితంగా దొరికే అడాసిటీలోనే ఓ ఆప్షన్ ఉంది. పాట మొత్తం సెలెక్ట్ చేసి నొక్కితే చాలు, శుభ్రం. నా గొడవ ఆ ‘మొత్తం’తోనే.

అసలు ఆ చప్పుడు ఎక్కడిది? 1902లో గౌహర్ జాన్ పాడినప్పుడు ప్లేట్లు జర్మనీలో అచ్చయి వచ్చేవి. 1908లో కలకత్తాలో ఫ్యాక్టరీ పెట్టాక ఇక్కడే తయారయ్యాయి. 78 ప్లేటు అంటే లక్క. లాడ్ బజార్ గాజుల్లో ఉండే లక్కే. అందులో రాతి పొడి కలిపేవారు, ఉక్కు ముల్లు గాడి ఆకారానికి అరగాలని. ముల్లు ఒక్కో వైపుకూ మార్చాలి. అంటే 78కి గరగర పుట్టుకతోనే ఉంది. తర్వాతొచ్చిన వినైల్ నున్నటిది, కానీ పొడిగాలిలో కరెంటు పట్టి దుమ్మును లాక్కుంటుంది. నల్లగొండ, పాలమూరుల్లో పొడిగాలికీ చెల్క దుమ్ముకీ కరువేముంది!

మావైపు ప్లేట్లు ఇళ్లలోకంటే మైకు సెట్ల వాళ్ల దగ్గర ఎక్కువ తిరిగాయి. పెళ్లి పందిరి, కురుమూర్తి జాతర, ఊరి చివర టూరింగ్ టాకీసు. ఆట మొదలయ్యే ముందు ఘంటసాల పాడిన వెంకటేశ్వరస్వామి పాట వేసేవారు, రోజూ అదే ప్లేటు. అట్లా అరిగిన గాడిని ఏ ప్రోగ్రామూ బాగుచేయలేదు. బాగుపడేది టిక్కు మాత్రమే.

దాని పద్ధతి ఇది. ధ్వనిని సెకనుకు 44,100 అంకెలుగా రాసుకుంటాం. గొంతూ వయొలినూ హఠాత్తుగా ఎగిరిపడవు కాబట్టి, ముందు అంకెల్ని బట్టి తర్వాతి అంకెను చాలావరకు ఊహించొచ్చు. ఊహకూ అసలుకూ తేడా మరీ ఎక్కువొస్తే అది టిక్కు. ఆ ముక్క తీసేసి, అటూ ఇటూ ఉన్నదాన్ని బట్టి కొత్త అంకెలు పూరిస్తారు. ఒక మిల్లీసెకను టిక్కంటే 44 అంకెలు. అతుకు చెవికి తెలియదు. 1980లలో కేంబ్రిడ్జిలో, బ్రిటన్ నేషనల్ సౌండ్ ఆర్కైవ్ పాత రికార్డుల కోసం ఈ పని ముందుకెళ్లింది. 1988లో సెడార్ కంపెనీ అందులోంచే పుట్టింది. చక్కటి లెక్క, నాకు దానిమీద గౌరవమే.

చిక్కల్లా డప్పు దగ్గరే. సిటికెన పుల్ల తోలుకు తగిలిన క్షణం చూడండి: ముందు అంకెలేవీ దాన్ని చెప్పలేవు. బుర్రకథకుడి బొటనవేలి అందెలు, కాలి గజ్జెలు కూడా అంతే. ప్రోగ్రాం కళ్లకు అవన్నీ గీతలే. మీట కాస్త గట్టిగా తిప్పామా, దెబ్బ మొన విరిగి, మెత్తటి ‘దుబ్’ మిగులుతుంది. మన భాషలోనూ కచేరీలో మోగేది సంగీతం, మాదిగ డప్పుది ‘చప్పుడు’. ప్రోగ్రాం రాసినవాళ్లకు కులం తెలియదు కానీ, ఫలితం మాత్రం పాత లెక్కలోనే వచ్చింది.

1946–51 సాయుధ పోరాటంలో పాట ఈ చప్పుళ్లతోనే ఊళ్లు తిరిగింది. నల్లగొండ జిల్లా సుద్దాల హనుమంతు గొల్ల సుద్దులు, బుర్రకథ బాణీల్లో రాసినవి నోటినుంచి నోటికి పోయాయి. మూడు దశాబ్దాల తర్వాత గౌతమ్ ఘోష్ ‘మా భూమి’లో హనుమంతు పాట ఒకటుంది, బండి యాదగిరి పాట గద్దర్ గొంతులో ఉంది. ఇట్లాంటి పాటల్లో గొంతును మాత్రమే కాపాడి, దరువును మెత్తబరిస్తే సగం పాటే మిగిలినట్టు.

మరి చిటపటను భరించాలా? అక్కర్లేదు, ఓపిక కావాలి. గీత టిక్కుకు ఒక గుర్తుంది: ప్లేటు తిరిగినప్పుడల్లా వస్తుంది, 33 ప్లేటుకు 1.8 సెకన్లకోసారి, 78కి దాదాపు 0.77కి. గీతది మోటారు తాళం, డప్పుది మనిషి తాళం. ఇంకో ఉపాయం నాకు మరీ ఇష్టం. 78లు, పాత తెలుగు ఈపీలు చాలావరకు మోనో. మోనో ప్లేటులో పాట గాడి రెండు గోడలకూ ఒకటే. గీతా దుమ్మూ మాత్రం రెండు గోడలకూ ఒకేలా తగలవు. అందుకని మోనో ప్లేటునైనా స్టీరియో ముల్లుతో ఎక్కించి (78కైతే వెడల్పు మొన ఉన్నది) కుడిలోంచి ఎడమను తీసేస్తే, గొంతూ డప్పూ దాదాపు మాయమై చిటపట మిగులుతుంది. అక్కడ టిక్కు కనిపించిన చోటే కత్తెర వేయాలి. మూడు నిమిషాల పాటకు నాకు ఒక ఆదివారం పడుతుంది.

ఇది కుదరాలంటే మొదట ఎక్కించిన ఫైలును ముట్టుకోకుండా, స్టీరియోలోనే దాచాలి. నాకు వాట్సాప్‌లో వచ్చే పాత పాటలన్నీ కుడీ ఎడమా కలిపేసి, శుభ్రం చేసి, ఎంపీ3 చేసినవే. వాటిలో పోయినవి ఎన్ని గీతలో, ఎన్ని దెబ్బలో ఇప్పుడు లెక్కగట్టే దారి లేదు. ప్లేట్లు మాత్రం మైకు సెట్ల వాళ్ల అటకల మీద ఇంకా కొన్ని ఉన్నాయి.