మగ్గిన మాట

మూతపెట్టిన గిన్నెలో వంకాయ మగ్గుతుంది, గడ్డిలో మామిడికాయ మగ్గుతుంది, జైల్లో ఖైదీ మగ్గుతాడు. ఈ వరస చూసినవాడు, వంటింటి మాటే పోనుపోను మనిషికి అంటుకుందనుకుంటాడు. సన్నసెగ మీద మగ్గబెట్టడాన్ని ఇంగ్లీషులో ‘స్ట్యూ’ అంటారు. ఆ మాట నడక మాత్రం దీనికి ఎదురు. అందులో ముందు మగ్గింది మనిషి ఒళ్ళు, మాంసం తర్వాత వచ్చింది. దాని మూలమైన పాత ఫ్రెంచి మాట ‘ఎస్తూవ్’కి అర్థం ఆవిరి కమ్మిన స్నానాలగది. ఇంగ్లీషులో కూడా 14వ శతాబ్దం చివర ఆ క్రియకు వేడి స్నానం చేయించడమనే అర్థం ఉంది. వంట అర్థం 15వ శతాబ్దం మొదట్లో కనబడుతుంది.

దీనికి గట్టి అభ్యంతరమే ఒకటుంది. 1300 ప్రాంతపు ఇంగ్లీషులోనే ‘స్ట్యూ’ అంటే వండే పాత్ర. మరి గిన్నే ముందు కాదా? ఇంగ్లీషు రాతల వరకే చూస్తే అవును. కానీ అరువు తెచ్చుకున్న మాటకు పుట్టిన తేదీ అరువిచ్చిన ఇంట్లో వెతకాలి. దాని చుట్టాలన్నీ గదినే చూపిస్తాయి. ఇటాలియన్‌లో ‘స్తూఫా’ గదిని వెచ్చబెట్టే కొలిమి, ‘స్తుఫాతో’ మగ్గిన మాంసం. మన ‘స్టవ్వు’ కూడా 15వ శతాబ్దపు ఇంగ్లీషులో పొయ్యి కాదు, వెచ్చబెట్టిన గది. తలుపులేసి ఆవిరి బయటికి పోనివ్వని గదికీ, మూతేసిన గిన్నెకీ పనిలో తేడా ఏముంది?

స్నానాలగదులు పడుపు ఇళ్ళుగా మారడంతో మాటకు మచ్చ కూడా పడింది. లండన్‌లో థేమ్స్ నది దక్షిణపు గట్టున సదర్క్‌లో ఈ ‘స్ట్యూ’లు నడిచింది వించెస్టర్ బిషప్ ఏలుబడిలో కావడం విడ్డూరం, 1546లో ఎనిమిదో హెన్రీ వాటిని మూయించాడు. మాట మాత్రం మూతపడలేదు. షేక్‌స్పియర్ ‘మెజర్ ఫర్ మెజర్’లో పేరుకి స్నానశాల, నిజానికి పడుపు ఇల్లు అయిన చోటికి ఒక నిండు గర్భిణి వస్తుంది. ఆమె మనసు పడింది మగ్గబెట్టిన ప్రూన్ పళ్ళ మీద. మూడు పెన్నీల పళ్ళెంలో మిగిలినవి రెండే. స్నానం, పడుపు, వంట ఒక్క కథలో ఇలా కలవడం కాకతాళీయమని నేననుకోను. తినే పదార్థానికి ‘స్ట్యూ’ అన్న పేరు స్థిరపడింది 18వ శతాబ్దం నడుమ. కేరళలో అప్పంతో పాటు వడ్డించే కొబ్బరిపాల ‘ఇష్టూ’కి చేరేసరికి అందులో స్నానపు తడి ఏమీ మిగల్లేదు.