మొల్ల ముఖం ఎవరు చూశారు

మాది హైదరాబాద్‌లో దోమలగూడ. ట్యాంక్‌బండ్ కింద బస్తీ. హుస్సేన్ సాగర్ నీళ్లు మా ఇంటి గడపకన్నా ఎత్తులో ఉంటాయని నాన్న ఒకసారి మాటవరసకి అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో హుస్సేన్ షా వలీ కట్టించిన కట్ట నాలుగు వందల ఏళ్లుగా ఆగింది కదా, ఈ రాత్రికీ ఆగుతుందిలే అని అమ్మ సర్దిచెప్పింది. కట్టను కాసేది వలీ కాదు, కింద ఉన్న కట్టమైసమ్మ అని నానమ్మ.

1986లో ఎన్టీఆర్ ప్రభుత్వం కట్ట మీద 33 మంది తెలుగు ప్రముఖుల విగ్రహాలు నిలబెట్టింది. అప్పుడు నాకు పదేళ్లు. దిమ్మెలు నాకన్నా ఎత్తు. మెడ వెనక్కి వాల్చి చూస్తే గడ్డం పెద్దది, నుదురు చిన్నది. లెక్కల నోటుబుక్కు వెనక పేజీల్లో అలాగే గీసేవాణ్ని. మనిషిని కింద నుంచి చూస్తే ఎలా ఉంటాడో ఏ డ్రాయింగు మాస్టారూ చెప్పకముందే తెలిసింది. ఇంకో సంగతి కూడా అక్కడే తెలిసింది. విగ్రహాలు సాగర్‌కి వీపు పెట్టి రోడ్డు వైపు చూస్తుంటాయి, అంటే తూర్పుకి. గీయాలనుకుంటే పొద్దున్నే వెళ్లాలి. సాయంత్రం సూర్యుడు వాళ్ల వెనక సాగర్ మీదికి దిగేసరికి కవులూ రాజులూ అందరూ ఒకటే నలుపు, వాళ్లలో నన్నయ ఎవరో తానీషా ఎవరో పోల్చుకోలేం.

బొమ్మలు గీయడం బతుకుతెరువు అయ్యాక మొదటి దెబ్బ కూడా బండ్ వల్లే తగిలింది. ఒక పిల్లల పుస్తకానికి కుమ్మరి మొల్ల బొమ్మ అడిగారు. గంటం పట్టుకున్న సన్నటి అమ్మాయిని గీసి ఇచ్చాను. తిరిగొచ్చింది. "మొల్ల ఇలా ఉండదండీ, ట్యాంక్‌బండ్ మీద చూడలేదా?" అన్నాడు ఆ సంపాదకుడు. నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. శ్రీశ్రీకి ఫొటోలున్నాయి, కాటన్ దొరకి ఉన్నాయి, మహబూబ్ అలీఖాన్‌కి కొల్లలు. మొల్ల ముఖం ఎవరు చూశారు? నన్నయది? శాలివాహనుడిది? ఎవరో శిల్పి మట్టి ముద్ద ముందు కూర్చుని, ఇలా ఉండి ఉంటుందిలే అనుకుని చేసిందే కదా! కుమ్మరింటి ఆడబిడ్డకి ముఖం కూడా మట్టిలోనే వచ్చింది. మనం దాన్ని ఆధార్ కార్డు ఫొటోలా నమ్మేశాం. ఆ శిల్పికి ఉన్న చనువు నాకూ ఉందని అర్థమయ్యాక చెయ్యి కాస్త తేలికపడింది. ఆ పుస్తకానికి మాత్రం వాళ్లు అడిగిన మొల్లనే గీసిచ్చాను, డబ్బులు కావాలిగా.

సాగర్ మధ్యలోని బుద్ధుడి సంగతీ అంతే. భువనగిరి దగ్గర రాయగిరి రాయిని గణపతి స్థపతి బృందం మలిచింది. 192 చక్రాల బండి మీద అది ఊళ్లోకి వస్తుంటే పిల్లలం చక్రాలు లెక్కపెట్టలేక మధ్యలో మానేశాం. 1990 మార్చి 10న సాగర్ మధ్యకి తీసుకెళ్తుంటే తెప్ప ఒరిగి విగ్రహం మునిగిపోయింది, మనుషుల ప్రాణాలూ పోయాయి. 1992 డిసెంబరు 1న పైకి తీసి నిలబెట్టేదాకా ఆయన అడుగున బురదలోనే పడుకున్నాడు. కనబడని ఆ విగ్రహాన్నే నేను ఎక్కువసార్లు గీశాను. పైకి వచ్చాక పెద్దగా గీయలేదు, ఎందుకో.

మళ్లీ మార్చి 10. ఈసారి 2011, తెలంగాణ కోసం మిలియన్ మార్చ్. బండ్ మీద మనవాళ్లు ఎందరు అని లెక్క వేసుకున్న కోపం చాలా విగ్రహాల మీద విరుచుకుపడింది. కొన్ని సాగర్‌లో పడ్డాయి. ఆ లెక్క తప్పని నేననను, కొమరం భీమ్ అక్కడికి రావడానికి తెలంగాణ ఉద్యమం దాకా ఆగాల్సి వచ్చింది మరి. కానీ మర్నాడు ఖాళీ దిమ్మెల ముందు నిలబడితే నా నోటుబుక్కుల్లోంచి పేజీలు చించినట్టే అనిపించింది. మళ్లీ నిలబెట్టాక పాత బొమ్మలు తీసి పోల్చాను. ఒకరిద్దరి ముక్కు తేడాగా కనబడింది. విగ్రహం మారిందో, నా గీత మారిందో.

2024 డిసెంబరు 9న సచివాలయంలో కొత్త తెలంగాణ తల్లిని ఆవిష్కరించినప్పుడు టీ కొట్ల దగ్గర ఒకటే వాదన. కిరీటం ఎందుకు తీశారని ఒకరు, బతుకమ్మ ఏదని ఒకరు, ఇప్పుడే మా అమ్మలా ఉందని ఇంకొకరు. ఎవరూ చూడని తల్లి ఎలా ఉంటుందో అందరికీ కచ్చితంగా తెలుసు! మా నానమ్మ ఉంటే ఇంత గొడవేంటి అనేది. రాయికి పసుపు పూసి, రెండు కళ్లు అతికిస్తే ఆమెకి మైసమ్మ వచ్చేసేది.

మొన్న ఇంకో పిల్లల పుస్తకానికి మళ్లీ మొల్లే పడింది. పొద్దున ఆరింటికి బండ్ మీద కూర్చున్నాను. విగ్రహం వైపు కాకుండా ఫుట్‌పాత్ మీద మక్కకంకులు కాల్చే పెద్దామె వైపు తిరిగి. బొగ్గులు ఊదుతూ ఊదుతూ వంగి చూసింది.

"ఎవలు బిడ్డా గీమె?"

"మొల్ల అని, రామాయణం రాసిందమ్మా."

కాసేపు చూసింది. "ముక్కుపుడక లేదేంది? పెట్టు."

పెట్టాను.